దీపావళి సంచుల ముందు ఒక లెక్క: కంపెనీ ఇచ్చేదాంట్లో డాక్టరు ఏది తీసుకోవచ్చు, ఏది కూడదు

#1 నాగావళి గట్టు (శ్రీకాకుళం, జనరల్ మెడిసిన్)

పైడితల్లి సిరిమానోత్సవం అయిందంటే మన రెండు జిల్లాల క్లినిక్కులకూ సంచులు రావడం మొదలు. పలాస జీడిపప్పు రెండు కిలోలు, పొందూరు పంచె, వెండి కుంది, గిఫ్టు కార్డు. ఏదైనా సరే, అడుగున విజిటింగ్ కార్డు మటుకు ఒకటుంటుంది. తీసుకోవచ్చా, కూడదా అన్నదానికి తలో మాట చెబుతుంటారు. అందుకని రాతలో ఏముందో ముందు పెడుతున్నాను, తప్పుంటే దిద్దండి.

డాక్టర్లకు వర్తించేది 2002 నాటి వృత్తి నియమావళి. దానికి 2009 డిసెంబరులో 6.8 నిబంధన చేర్చారు. మందుల కంపెనీల దగ్గర కానుక తీసుకోకూడదు. శ్రోతగా సదస్సుకు వెళ్లడానికైనా, ఇంటిల్లిపాదీ విహారానికైనా వాళ్ల టికెట్లు ముట్టకూడదు. హోటలు బస కూడదు. నగదు ఏ పేరుతో వచ్చినా కూడదు.

2016 ఫిబ్రవరిలో దీనికి శిక్షల పట్టీ తగిలించారు. కానుక విలువ 1,000 దాటి 5,000 రూపాయల దాకా ఉంటే అభిశంసన. 10,000 దాకా అయితే మూడు నెలలు రిజిస్టరులోంచి పేరు తీసేస్తారు. 50,000 దాకా ఆరు నెలలు, లక్ష దాకా ఏడాది, లక్ష దాటితే ఏడాదికి పైన.

2023 ఆగస్టు 2న జాతీయ వైద్య కమిషన్ కొత్త నియమాలు తెచ్చి, అదే నెల 23న పక్కన పెట్టింది. దాన్ని పట్టుకుని "ఇప్పుడు ఏ రూలూ లేదు" అని తిరిగేవాళ్లున్నారు. కొత్తవి ఆగాయి కాబట్టి పాతవి నడుస్తున్నాయి, అంతే.

కంపెనీలకు వేరే పుస్తకం: కేంద్ర ఫార్మాస్యూటికల్స్ విభాగం 2024 మార్చి 12న ఇచ్చిన ఏకరూప మార్కెటింగ్ నియమావళి. అందరూ యూసీపీఎంపీ అంటారు. ఈ రెండు పుస్తకాలకూ మధ్య ఒక సందు ఉంది. గొడవంతా అక్కడే.

#2 ఏడురోడ్ల కూడలి (శ్రీకాకుళం)

ఏటండీ ఇది, జీడిపప్పు ప్యాకెట్టుకి కూడా రూలేనా? అలగైతే కంచిలి నుంచి రోగి కొబ్బరికాయల బస్తా తెస్తాడు, ఇంకొకడు పనసకాయ మోసుకొస్తాడు. అవీ వెనక్కి పంపీయాలా? పల్లెల్లో వద్దంటే మనసు కష్టపెట్టుకుంటారు గదా.

#3 నాగావళి గట్టు

పనసకాయ 6.8 కిందకు రాదు. ఆ నిబంధన కంపెనీల గురించి మాత్రమే. తేడా ఎక్కడంటే, పనసకాయ ఇచ్చినాయన మర్నాడు మందుల షాపుకెళ్లి మీరు ఎన్ని స్ట్రిప్పులు రాశారో అడగడు. రెండు జాగ్రత్తలు మాత్రం ఉన్నాయి. దొంగ సర్టిఫికెట్ కోసం వచ్చిన పనసకాయ లంచమే. ప్రభుత్వ ఆసుపత్రిలో పనిచేసేవాళ్లకు వీటన్నిటి పైన ఉద్యోగుల ప్రవర్తనా నియమాలు, అవినీతి నిరోధక చట్టం ఉన్నాయి. వాళ్ల విషయంలో ఇచ్చింది రోగి అయినా, చేయాల్సిన పనికి ప్రతిఫలంగా పుచ్చుకుంటే కేసే.

#4 గంటస్తంభం (విజయనగరం, ఫార్మా సేల్స్)

"స్ట్రిప్పులు అడగడు" అన్న మాటలోనే అసలు సంగతి ఉంది. కానుకను విడిగా చూస్తే అందులో ఏమీ కనబడదు. దాని వెనక నడిచే కొలత చూడాలి.

ఎమ్మార్ (డాక్టర్లను కలిసే కంపెనీ ప్రతినిధి) దగ్గర డాక్టర్ల జాబితా ఉంటుంది. రాసే సత్తాని బట్టి ఏ, బి, సి అని విభజిస్తారు. నెలకు ఎవరిని ఎన్నిసార్లు కలవాలో దాన్నిబట్టే. కలిశాక ఆర్‌సీపీఏ అనే పని ఉంటుంది: క్లినిక్ పక్క మందుల షాపులో కౌంటరు కుర్రాణ్ని మాటల్లో పెట్టి, ఫలానా డాక్టరు చీటీల మీద మన బ్రాండు రోజుకు ఎన్ని స్ట్రిప్పులు, పోటీ బ్రాండు ఎన్ని అని రాసుకోవడం. అది యాప్‌లో ఎక్కుతుంది. దానికి స్టాకిస్టు (టోకు వ్యాపారి) షాపులకు అమ్మిన లెక్క, అంటే సెకండరీ సేల్స్ కలిపితే ఏ వీధిలో ఏ సరుకు కదిలిందో ఏరియా మేనేజరుకు తెలిసిపోతుంది.

ఇక లెక్క. అంకెలు ఉదాహరణకే. డాక్టరు 15,000 రూపాయల ఫ్రిజ్ అడిగితే, పెట్టినదానికి అయిదు రెట్లు వ్యాపారం ఆరు నెలల్లో రావాలని పైనుంచి అడుగుతారనుకోండి. అంటే 75,000. నెలకు 12,500. షాపుకు పడే రేటు స్ట్రిప్పుకు 100 అయితే నెలకు 125 స్ట్రిప్పులు. పాతిక పనిదినాలకు పంచితే రోజుకు అయిదు. ఆ అయిదు స్ట్రిప్పులు ఎవరో ఒక రోగి చేతి మీదుగానే పోవాలి. రెండో నెలలో అంకె పడిపోతే ఎమ్మార్ వచ్చి ఏమీ అనడు, "సార్, కొంచెం సపోర్టు" అంటాడంతే. ఆ ఒక్క మాటకు ఇద్దరికీ అర్థం తెలుసు.

ఈ గొలుసు తెగాలంటే తేలికైన చోటు షాపు కౌంటరు. బిల్లులు, చీటీలు బయటివాళ్లకు చూపించకపోతే ఆర్‌సీపీఏ అంచనాగా మిగిలిపోతుంది. చీటీ మీద రోగి పేరు, జబ్బు ఉంటాయి. అది చూపించడం అసలే తప్పు.

#5 పైడిమాంబ వీధి (విజయనగరం, పీజీ)

ఫ్రిజ్ సంగతి సరే సార్. పెన్ను, ప్రిస్క్రిప్షన్ ప్యాడు, ఒక పూట బిర్యానీ వీటికి మందు మారుస్తారా ఎవరైనా? ఇది చదువుకున్నవాళ్లను అవమానించడం కాదా?

#6 నాగావళి గట్టు

అవమానం అనుకోకుండా కొలిచినవాళ్లున్నారు. 2016లో జామా ఇంటర్నల్ మెడిసిన్‌లో అమెరికా లెక్కలు వచ్చాయి. 2,79,669 మంది డాక్టర్లు, రోసువాస్టాటిన్, నెబివోలాల్, ఓల్మిసార్టాన్, డెస్వెన్లాఫాక్సిన్ అనే నాలుగు మందులు. కంపెనీ పెట్టింది చాలామటుకు 20 డాలర్లలోపు భోజనమే. ఒక్క పూట తిన్నవాళ్లలో కూడా ఆ బ్రాండు రాయడం ఎక్కువగా కనబడింది, పూటలు పెరిగే కొద్దీ ఇంకా పెరిగింది. తిన్నందుకే రాశారని ఆ లెక్క రుజువు చేయదు. రాసేవాళ్లకే కంపెనీ పెట్టి ఉండొచ్చు కూడా. కానీ 1992లో చెస్ట్ పత్రికలో వచ్చిన పరిశీలన ముందూ వెనకా చూసింది: రిసార్టు యాత్రకు వెళ్లక ముందు, వెళ్లొచ్చాక అదే ఆసుపత్రిలో రెండు మందుల వాడకం. వెళ్లొచ్చాక పెరిగింది. ప్రయాణం తమ మీద పనిచేయదనే చాలామంది ముందు అనుకున్నారు.

నాకు అన్నిటికంటే నచ్చేది 2001 నాటి రెసిడెంట్ల (శిక్షణలో ఉన్న డాక్టర్ల) సర్వే. కంపెనీ ప్రచారం తన మీద పనిచేయదన్నవాళ్లు 61 శాతం. పక్కవాళ్ల మీద కూడా పనిచేయదన్నవాళ్లు 16 శాతం. మన కన్ను మనకు కనబడదు కదా బాబూ.

#7 లెడ్జరు మాష్టారు (శ్రీకాకుళం, ఆడిట్)

గట్టుగారు చెప్పిన సందు ఇదీ. యూసీపీఎంపీ ప్రకారం కంపెనీ 'బ్రాండు గుర్తు' వస్తువు ఇవ్వొచ్చు, ఒక్కోటి 1,000 రూపాయలు మించకుండా. డాక్టర్ల 6.8 ఏమో కానుకే వద్దంటుంది, కానీ దాని శిక్షల పట్టీ 1,000 దాటాకే మొదలవుతుంది. దాంతో "వెయ్యి లోపు ఏదైనా ఓకే" అనే సామెత పుట్టింది.

అది తప్పు చదువు. కంపెనీ పుస్తకంలో వెయ్యితో పాటు ఇంకో షరతుంది: ఆ వస్తువు చదువుకో, సమాచారానికో పనికొచ్చేది కావాలి. పుస్తకం, డైరీ, క్యాలెండరు, పరికరం నమూనా, చికిత్సా మార్గదర్శకాలు, అలాంటివి. డాక్టరుకు విడిగా అమ్ముకునే విలువ ఉండకూడదు. 900 రూపాయల జీడిపప్పు వెయ్యి లోపే, కానీ అది చదువుకునేది కాదు, తినేది. ముట్టకూడదు. 950 గిఫ్టు కార్డు నగదుతో సమానం. కిడ్నీ బొమ్మ ఉన్న ప్లాస్టిక్ మోడల్ టేబుల్ మీద పెట్టుకుని రోగికి చూపిస్తే కంపెనీల నియమావళి ఒప్పుకుంటుంది.

#8 ఏడురోడ్ల కూడలి

మరి సదస్సుల్లో శాలువా కప్పి బుల్లి బొబ్బిలి వీణ ఇస్తారు గదా, అదేటవుద్ది?

#9 లెడ్జరు మాష్టారు

గొల్లపల్లి వాళ్ల పనితనం గొప్పది, కొనుక్కుని పెట్టుకోండి. కంపెనీ కొనిస్తే అది జ్ఞాపిక, చదువు వస్తువు కాదు. వైద్యుల సంఘం తన చందా డబ్బుతో ఇస్తే అభ్యంతరం లేదు. సంఘానికి ఆ డబ్బు ఎక్కడిదన్నది మళ్లీ అడగాల్సిన ప్రశ్నే. 2009 నాటి 6.8లో సంఘాలు కూడా ఉండేవి, 2016 సవరణలో ఆ మాట తీసేశారు. ఆ ఒక్క కోతకు చాలా సదస్సులు బతికాయి.

#10 మందుల కొట్టు (రాజాం, ఫార్మసిస్టు)

అందరూ ఫ్రిజ్ గురించే. శాంపిళ్ల సంగతి ఎవరూ ఎత్తరు. పైకి దానంలా ఉంటుంది కాబట్టి.

కొత్త నియమావళి ప్రకారం ఒక శాంపిల్ ప్యాకు ముగ్గురు రోగుల కోర్సుకు మించకూడదు. ఒక మందుకు ఒక డాక్టరుకు ఏడాదికి 12 ప్యాకులే. కంపెనీ మొత్తం శాంపిళ్ల విలువ ఏడాది దేశీయ అమ్మకాల్లో 2 శాతం దాటకూడదు. నిద్రమాత్రలు, మత్తు తరహా మందుల శాంపిళ్లు అసలే కూడవు. మందు రాసే అర్హత ఉన్నవాళ్లకే ఇవ్వాలి. ఎవరికి, ఏది, ఎంత, ఏ తేదీన అన్నది కంపెనీ రాసి ఉంచాలి. ప్యాకు మీద అమ్మకానికి కాదని అచ్చు ఉంటుంది. అలాంటిది షాపు అరలో దొరికితే అమ్మకపోయినా తప్పే, లైసెన్సు మీదకొస్తుంది.

తేడా కొట్టేది ఇలా. బీపీ కొత్తగా బయటపడిన మనిషికి పది మాత్రల శాంపిల్ ఇస్తారు. పదకొండో రోజు నుంచి అదే బ్రాండు కొనుక్కోవాలి, జీవితాంతం. ఉచితంగా వచ్చింది పది రోజులు. అదే మందు జన ఔషధిలో తక్కువకు దొరుకుతున్నా "మొదటిది పడింది, మార్చకండి" అంటారు ఇంట్లోవాళ్లు. యాంటీబయాటిక్ అయితే ఇంకా చెడ్డ. అయిదు రోజుల కోర్సుకు మూడు రోజుల శాంపిల్ ఇచ్చి, మిగతా రెండు రోజులకు కొనమంటే సగంమంది కొనరు. ఇన్సులిన్ శాంపిల్ 2 నుంచి 8 డిగ్రీల మధ్య ఉండాలి. మే నెలలో చీపురుపల్లి రోడ్డు మీద బైకు డిక్కీలో నాలుగు గంటలు తిరిగిన పెన్ను పనిచేస్తుందని ఎవరు పూచీ?

తీసుకోక తప్పదనుకుంటే ఒక రిజిస్టరు పెట్టండి. తేదీ, మందు, బ్యాచి నంబరు, గడువు, వచ్చిన సంఖ్య, ఇచ్చిన ఓపీ నంబరు, మిగిలింది. గడువు మూడు నెలల్లోపు ఉన్నవి తీసుకోవద్దు. పూర్తి కోర్సుకు సరిపోకపోతే ఇవ్వొద్దు. నెలాఖరున మిగిలింది రిజిస్టరుతో కలవకపోతే అది ఎవరి సంచిలోకో పోతోందని అర్థం.

#11 ఉద్దానం కొబ్బరి (సోంపేట, కిడ్నీ వార్డు)

కానుక వల్ల ఖర్చు పెరుగుతుందనే మాట్లాడుతున్నారు. మా వైపు అది ఖర్చుతో ఆగదు.

కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం. ఈ మండలాల్లో కిడ్నీ జబ్బు ఎంత ఉందో కొత్తగా చెప్పక్కర్లేదు, పలాసలో 200 పడకల ఆసుపత్రి, పరిశోధన కేంద్రం కట్టిందే అందుకు. ఇక్కడ ఎండలో జీడితోటల్లో పనిచేసి నడుం నొప్పి, మోకాళ్ల నొప్పి అని వచ్చేవాళ్లే ఎక్కువ. ఎమ్మార్ సంచిలో బాగా కదిలే సరుకేమో నొప్పి మాత్రల కాంబినేషన్లు.

ఏం జరుగుతుందో చూడండి. 50 ఏళ్ల మనిషి, ఆడవారు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టాల్సిన వ్యర్థం) 1.4. చీటీ మీద 1.4 చూస్తే కొంచెమేలే అనిపిస్తుంది. లెక్క కడితే ఈజీఎఫ్‌ఆర్ (కిడ్నీ వడపోత వేగం) 46 దగ్గర వస్తుంది. అంటే కిడ్నీ పనితనం సగానికి పడిపోయినట్టే. బీపీకి టెల్మిసార్టాన్, దానితో మూత్రం ఎక్కువ పోయించే హైడ్రోక్లోరోథయజైడ్ కలిసిన మాత్ర ఇప్పటికే వాడుతున్నారు. దాని మీద ఎసిక్లోఫెనాక్ అనే నొప్పి మాత్ర పడితే మూడూ కలిసి దెబ్బ తీస్తాయి. నొప్పి మాత్ర కిడ్నీలోకి రక్తం తెచ్చే గొట్టాన్ని బిగిస్తుంది. టెల్మిసార్టాన్ బయటికి పోయే గొట్టాన్ని వదులు చేస్తుంది. మూడోది ఒంట్లో నీరు తగ్గిస్తుంది. వడపోతకు కావలసిన ఒత్తిడి పడిపోతుంది. పైన మే నెల ఎండ, విరేచనాలు కలిస్తే వారంలో క్రియాటినిన్ రెట్టింపు కావచ్చు.

ఈజీఎఫ్‌ఆర్ 60 లోపుంటే ఎసిక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు ఎక్కువ రోజులు వద్దు, 30 లోపైతే అసలే వద్దు. పారాసిటమాల్ 500 లేదా 650, రోజు మొత్తం 3 గ్రాములు దాటకుండా, పైపూత, కాపడం. టెల్మిసార్టాన్ లాంటిది మొదలుపెట్టిన వారం రెండు వారాల్లో క్రియాటినిన్, పొటాషియం చూడాలి. ఇవి ఏ ఎమ్మార్ చూపించే బొమ్మల పుస్తకంలోనూ (విజువల్ ఎయిడ్) మొదటి పేజీలో ఉండవు.

నొప్పి కాంబినేషన్లలో వాపు తగ్గుతుందని కలిపే సెర్రాషియోపెప్టిడేజ్ సంగతి ఒకటి. జపాన్‌లో దాన్ని అమ్మిన కంపెనీయే పరీక్షల్లో పనితనం తేలక 2011లో వెనక్కి తీసుకుంది. ఇక్కడ ఇంకా నడుస్తోంది. 2024 ఆగస్టులో కేంద్రం 156 కాంబినేషన్లు నిషేధించింది, అందులో ఎసిక్లోఫెనాక్ 50, పారాసిటమాల్ 125 ఒకటి. మిగతా మోతాదులవి అలాగే ఉన్నాయి.

ప్రొటీను పొడి ఇంకో తంటా. డయాలసిస్ మీద ఉన్నవాళ్లకు ప్రొటీను ఎక్కువ కావాలి. డయాలసిస్ దాకా రాని కిడ్నీ రోగికి తగ్గించాలి. ఒకే డబ్బా ఇద్దరికీ రాసే చోట వెనక ఏదో ఉందని అనుమానించడం తప్పు కాదు.

#12 పైడిమాంబ వీధి

ఇది చదివాక అడుగుతున్నాను. కంపెనీలు సాదా మందులకు కాకుండా ఎప్పుడూ కాంబినేషన్లకు, పొడులకే ఎందుకు ఖర్చు పెడతాయి?

#13 మందుల కొట్టు

ధర గీత ఎక్కడుందో అక్కడ డబ్బుండదు కాబట్టి. అత్యవసర మందుల షెడ్యూలులో ఉన్నదానికి కేంద్ర మందుల ధరల సంస్థ ఎన్‌పీపీఏ గరిష్ఠ ధర కడుతుంది. షాపుకు లాభం 16 శాతం, స్టాకిస్టుకు 8 శాతం. షెడ్యూలు బయటి మందుకు తొలి ధర కంపెనీ ఇష్టం, ఆపైన ఏడాదికి 10 శాతం మించి పెంచకూడదు. షాపుకు 20, స్టాకిస్టుకు 10. (షెడ్యూలు మందులు కలిపిన కొన్ని కొత్త కాంబినేషన్లకు ఎన్‌పీపీఏ విడిగా ధర కడుతుంది, అది వేరే సంగతి.) ఇక ఆహార భద్రతా సంస్థ ఎఫ్‌ఎస్‌ఎస్‌ఏఐ లైసెన్సుతో వచ్చే పొడులు, విటమిన్లు ఆహారం లెక్క. మందుల ధరల ఉత్తర్వు వాటికి తగలదు.

పన్ను తీసేసి 100 రూపాయల సరుకు అనుకోండి. షాపుకు 80కి పడుతుంది, స్టాకిస్టుకు 72కి. ఆ 72లోనే తయారీ, జీతాలు, కానుకలు అన్నీ.

ప్రొపగాండా కంపెనీ (సరుకును చవగ్గా నేరుగా క్లినిక్కులకే అమ్మేది) లెక్క దీనికి అడ్డంగా ఉంటుంది. ప్యాకు మీద అదే 100 ముద్రించి క్లినిక్కుకు పాతికకే ఇస్తారనుకోండి. మిగిలిన 75 క్లినిక్కూ, దాని లోపలి షాపూ పంచుకుంటాయి. అక్కడ సంచి, పంచె ఏమీ అక్కర్లేదు. కానుక ధరలోనే ఉంటుంది. గుర్తుపట్టడానికి ఒకటే లక్షణం: ఆ చీటీలోని మందు ఊళ్లో ఇంకే షాపులోనూ దొరకదు. దానికి విరుగుడు చీటీలో జెనరిక్ పేరు (బ్రాండు కాదు, మందు అసలు పేరు), పెద్ద అక్షరాల్లో. డాక్టర్ల నియమావళిలో 2016లో సవరించిన 1.5 నిబంధన చెప్పేదీ అదే.

#14 గంటస్తంభం

కొట్టుగారి లెక్క సరిగ్గా ఉంది. ఒక్కటి కలుపుతాను. జెనరిక్ పేరు రాస్తే ఎంపిక డాక్టరు చేతిలోంచి షాపు చేతికి పోతుంది. అప్పుడు స్కీములన్నీ షాపు వైపు తిరుగుతాయి, పదికి ఒకటి ఉచితం, పదికి మూడు ఉచితం అంటూ. కాబట్టి అదొక్కటే సర్వరోగ నివారిణి అనుకోకండి.

#15 మందుల కొట్టు

ఒప్పుకుంటాను. అందుకే రోగికి అడిగే హక్కు తెలియాలి: ఇదే మందులో తక్కువ ధరది చూపించు అని.

#16 లెడ్జరు మాష్టారు

ఇప్పుడు నా వంతు. పన్ను వైపు రెండు దెబ్బలు పడ్డాయి.

ఒకటి కంపెనీకి. 2022 ఫిబ్రవరి 22న సుప్రీంకోర్టు అపెక్స్ లేబొరేటరీస్ కేసులో తీర్పిచ్చింది, జస్టిస్ లలిత్, జస్టిస్ రవీంద్ర భట్. డాక్టర్లు పుచ్చుకోవడం నిషేధమైనప్పుడు, ఇచ్చిన ఖర్చును కంపెనీ వ్యాపార ఖర్చుగా చూపించి ఆదాయంలోంచి తగ్గించుకోకూడదని. పుచ్చుకోవడమే తప్పు, ఇవ్వడం కాదన్న వాదన నిలవలేదు. 2010-11 అసెస్‌మెంట్ ఏడాదికి ఆ కంపెనీ అడిగిన మొత్తం 4.72 కోట్ల పైచిలుకు. 2022 ఆర్థిక చట్టంలో వివరణగా కూడా చేర్చారు. 25.168 శాతం పన్ను కట్టే కంపెనీ లక్ష రూపాయల కానుక ఇస్తే, ఖర్చు ఒప్పుకోరు కాబట్టి పన్ను 25,168 అదనం.

రెండోది డాక్టరుకు. 2022 జులై 1 నుంచి, 1961 నాటి ఆదాయపన్ను చట్టంలో చేర్చిన 194ఆర్ సెక్షను కింద మొదలైన నియమం: ఒక్కరి దగ్గరి నుంచి ఏడాదిలో 20,000 దాటిన ప్రయోజనం ఏ రూపంలో వచ్చినా 10 శాతం టీడీఎస్ (ఇచ్చేవాళ్లే ముందుగా కోసి కట్టే పన్ను). ఉచిత శాంపిళ్లు కూడా ఇందులోకే వస్తాయని పన్నుల బోర్డు సర్క్యులర్ చెప్పింది. డాక్టరు ఆసుపత్రి ఉద్యోగి అయితే ముందు ఆసుపత్రి పేరున కోస్తారు. డాక్టరు పేరున కోసింది ఆయన పాన్ మీద ఏఐఎస్‌లో (పన్నుశాఖ పోర్టల్లోని వార్షిక సమాచార పట్టీ) కనబడుతుంది. అంటే 6.8 ఉల్లంఘనకు సాక్ష్యం పన్నుశాఖ కంప్యూటర్లోనే కూర్చుంటుంది. పన్ను కట్టాను కాబట్టి తప్పు పోయిందనుకునేవాళ్లు కొందరున్నారు. పోదు. వైద్య మండలి దృష్టిలో అది ఒప్పుకోలు లాంటిది.

ఏఐఎస్ ఇప్పుడే తెరిచి చూసుకోండి. తీసుకోనిది మీ పేరున ఉంటే ఆ పోర్టల్లోనే 'సమాచారం సరికాదు' అని నమోదు చేయండి. మధ్యలో వేరేవాడు మీ పేరు చెప్పి పట్టుకుపోయి ఉండొచ్చు.

#17 పైడిమాంబ వీధి

సదస్సుల మాటేమిటి? డాక్టర్లకు అయిదేళ్లకు 30 గంటల సీఎంఈ (చదువు కొనసాగించే తరగతులు) కావాలి కదా. కంపెనీ లేకుండా జిల్లాలో ఎవరు నడుపుతారు?

#18 నాగావళి గట్టు

అంకెలు వేసి చూస్తే భయం పోతుంది. ఏడాదికి సగటున ఆరు గంటలు, అంటే రెండు సగం పూటలు. 60 మందికి హాలు 8,000, భోజనం తలకు 250 చొప్పున 15,000, ప్రొజెక్టరు, కాగితాలు 3,000, విశాఖ నుంచి వచ్చే ఉపన్యాసకుడి రానుపోను 4,000. మొత్తం 30,000. తలకు 500 రూపాయలు. అంతకంటే ఎక్కువ కావాల్సి వస్తే అది ఎక్కువభాగం హోటలు పేరుకే.

కంపెనీ డబ్బు పూర్తిగా నిషేధం కాదు. వైద్య కళాశాల, వృత్తి సంఘం లాంటివాళ్లు నడిపే కార్యక్రమానికి ఇవ్వొచ్చు, విదేశంలో పెట్టకూడదు, ఖర్చు వివరం కంపెనీ తన వెబ్‌సైటులో పెట్టాలి. టికెట్టు, బస ఉపన్యాసకుడికి మాత్రమే. మోసం ఇక్కడే దూరుతుంది. పదిమంది వెళ్తే ఎనిమిది మంది 'ఉపన్యాసకులు', ఒక్కొక్కరికి అయిదు నిమిషాలు. లేదా 'సలహా మండలి' అని కూర్చోబెట్టి ఫీజు. లేదా ఇరవై రోగుల సర్వే ఫారం నింపితే ఫారానికి ఇంత. పరీక్ష సులువు: ఆ పనికి అంత డబ్బు కంపెనీ కాని ఇంకెవరైనా ఇస్తారా?

#19 ఏడురోడ్ల కూడలి

పెద్ద డాక్టర్ల సంగతే మాటాడతన్నారు. పల్లెలో ఆర్ఎంపీ విశాఖకి రోగిని తోలితే కమీషను, ల్యాబుకి రాస్తే కమీషను. దాన్నెవరు అడుగుతారండి?

#20 ఉద్దానం కొబ్బరి

మన పల్లెల్లో ఆర్ఎంపీ అంటే డిగ్రీ లేని వైద్యుడు. ఆగిపోయిన 2023 నియమాల పేరులో ఆర్ఎంపీ అంటే రిజిస్టరైన డాక్టరు. ఆ మూడక్షరాలతోనే సగం గందరగోళం.

రోగిని పంపినందుకు కమీషను ఇవ్వడం, అడగడం, పుచ్చుకోవడం మూడూ డాక్టర్ల నియమావళి 6.4 నిబంధన కింద తప్పే. డిగ్రీ లేనాయన మీద మండలికి పట్టు లేదు, కానీ ఇచ్చిన డాక్టరు మీద ఉంది. స్కాన్ సెంటరు బిల్లులో కమీషను పోగా మిగిలేదే అసలు ధర. నేరుగా వెళ్లి, ఏ పేరూ చెప్పకుండా రేటు అడిగితే తేడా తెలుస్తుంది. రాకపోకల్లో పోయిన సమయం ఇంకా పెద్ద నష్టం. గుండెపోటుకు జిల్లా ఆసుపత్రిలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ పడాల్సిన గంటలో కమీషను ఇచ్చే ఆసుపత్రి కోసం వంద కిలోమీటర్లు తిప్పడం చిన్న తప్పు కాదు.

#21 పైడిమాంబ వీధి

ఫిర్యాదు చేయాలంటే దారి?

#22 లెడ్జరు మాష్టారు

డాక్టరు మీదైతే విజయవాడలోని ఆంధ్రప్రదేశ్ వైద్య మండలికి, రాతపూర్వకంగా. డాక్టరు పేరు, రిజిస్ట్రేషన్ నంబరు (చీటీ మీద ఉండాలి), తేదీలు, చీటీల నకళ్లు, బిల్లులు. అసళ్లు ఇవ్వకండి. ఆరు నెలల్లో తేల్చాలని నియమావళి చెబుతుంది. ఊహలు రాయకండి. "లంచాలు తింటున్నాడు" అనే వాక్యం ఫైలును బలహీనం చేస్తుంది. "ఫలానా తేదీన ఫలానా మందు, ఊళ్లో నాలుగు షాపుల్లో లేదు, క్లినిక్ షాపులో మాత్రమే ఉంది, బిల్లు జత" అంటే బలం.

కంపెనీ మీదైతే అది సభ్యత్వం ఉన్న ఫార్మా సంఘంలోని నైతిక కమిటీకి, జరిగిన ఆరు నెలల్లోపు. కమిటీ 90 రోజుల్లో నిర్ణయం చెప్పాలి. మందలించొచ్చు, తప్పు సవరించి ప్రకటన ఇప్పించొచ్చు, సంఘంలోంచి తీసేయొచ్చు. జైలు లేదు. కొట్టుగారు చెప్పిన ప్రొపగాండా కంపెనీ ఏ సంఘంలోనూ లేకపోతే వెలి వేసినా దానికి చలి పుట్టదు. ఈ నియమావళిలో అసలు లోపం అదేనని నా అభిప్రాయం. అమెరికాలో 2010 నాటి చట్టం కింద ఏ కంపెనీ ఏ డాక్టరుకు ఎంత ఇచ్చిందో 2014 నుంచి ఎవరైనా వెబ్‌సైటులో చూడొచ్చు. మన దగ్గర రోగికి అలా చూసుకునే తలుపు లేదు.

#23 గంటస్తంభం

దీపావళికి ఇంకా వారాలే ఉన్నాయి కాబట్టి వెనక్కి పంపడం ఎలాగో చెబుతాను. మొహమాటం వల్లే సగం సంచులు ఆగిపోతాయి.

సంచి సాధారణంగా డాక్టరు చేతికి రాదు. రిసెప్షన్‌లోనో, కారు డ్రైవరుకో, ఇంటి దగ్గర అమ్మగారికో ఇచ్చిపోతారు. కాబట్టి చెప్పాల్సింది ముందు వాళ్లకు. కంపెనీ ప్రతినిధులను కలిసే వేళ వారంలో ఒకరోజు, ఓపీ అయ్యాక అరగంట, రోగులున్నప్పుడు కాదు. కొత్త మందు చెప్పడానికి వస్తే ధర, ఇప్పుడున్నదానికంటే ఏం మెరుగు, కిడ్నీ జబ్బులో మోతాదు, ఈ మూడు ముందు చెప్పమనండి. చాలా కాల్స్ (ఎమ్మార్ వచ్చి కలవడం) రెండు నిమిషాల్లో అయిపోతాయి.

వచ్చేసిన సంచిని తెరవకుండా ఫోటో తీసి, కార్డు మీది పేరు, తేదీ డైరీలో రాసి, మరుసటి కాల్‌లోనే తిరిగివ్వండి. రెండు వాక్యాల చీటీ జత చేయండి: "6.8 నిబంధన ప్రకారం తీసుకోలేను. మీ రికార్డులో తిరిగి ఇచ్చినట్టు నమోదు చేయగలరు." ఆ రెండో వాక్యం ముఖ్యం. లేకపోతే సంచి ఎవరింటికి పోయినా లెక్కలో మీ పేరే ఉంటుంది. ఎమ్మార్ మీద కోప్పడకండి, అతని టార్గెట్ అతనిది.

#24 ఏడురోడ్ల కూడలి

తిరిగి ఇవ్వకుండా అనాథాశ్రమానికి ఇచ్చేస్తే? జీడిపప్పు పిల్లలు తింటారు గదా.

#25 లెడ్జరు మాష్టారు

ఇచ్చింది ఎవరి పేరున అన్నదే లెక్క. కంపెనీ పుస్తకంలో డాక్టరుకు ఇచ్చినట్టు ఉంటుంది, 20,000 దాటితే టీడీఎస్ కూడా ఆయన పేరునే. పిల్లలకు జీడిపప్పు పెట్టాలంటే కాశీబుగ్గ బజారులో కొని పెట్టండి, రసీదు తీసుకోండి.

#26 మందుల కొట్టు

#10లో ఒక సవరణ. శాంపిల్ రిజిస్టరులో ఎమ్మార్ సంతకానికి ఒక గడి కలపండి. 12 ప్యాకుల పరిమితి ఎక్కడ దాటిందో అప్పుడే తెలుస్తుంది.